ప్రశ్న చక్రంలో ఎవరు ఏ ఇంట్లో కూర్చుంటారు

ప్రశ్న శాస్త్రం నేర్చుకుంటున్నానంటే మా బడిలో చాలామంది జాతకాలు చూడడమే అనుకున్నారు. రెండూ ఒకటి కాదు. జాతకానికి పుట్టిన తేదీ, సమయం, ఊరు కావాలి. ప్రశ్నకు అవేవీ అక్కర్లేదు. మనిషి వచ్చి ఒక సంగతి అడిగిన క్షణాన తూర్పున ఏ రాశి లేస్తున్నదో అదే లగ్నం. అక్కడి నుంచి పన్నెండు ఇండ్లు. ఆ చక్రం ఆ ఒక్క సంగతికే.

నేను లెక్కల టీచర్‌ని. తను, ధన, భ్రాతృ, మాతృ, పుత్ర, శత్రు, కళత్ర, ఆయు, భాగ్య, రాజ్య, లాభ, వ్యయ అనే పన్నెండు ఇండ్ల వరుస చిన్నప్పుడు మా తాత నోట వినీ వినీ వచ్చేసింది. ప్రశ్నలో ఆ వరుస సగం దూరమే తీసుకుపోతుందని హనుమకొండలో పద్మాక్షి గుట్ట దిక్కున ఉండే మా అయ్యగారి దగ్గర కూర్చున్నాక తెలిసింది. ఆయన పెద్దలది మంథని. పౌరోహిత్యం మానేసి చాలా కాలమైంది. ఆదివారం పొద్దున ఇద్దరు ముగ్గురికి పాఠం చెప్తారు, పైసల మాట ఎత్తనివ్వరు. నాతోపాటు కాజీపేటలో రైల్వే కొలువు చేసి రిటైరైన పెద్దాయన ఒకరు, పాలిటెక్నిక్ చదివే పిల్లవాడు ఒకడు వస్తారు.

మొదట్లో మమ్మల్ని గ్రహాల పేరెత్తనివ్వలేదు. "గ్రహాలు యాడికి పోతయి? ముందుగాల ఇండ్లు తెల్వాలె" అని రోజూ ఖాళీ చక్రం వేయించేవారు. మన దిక్కు వేసే నలుచదరపు చక్రంలో రాశులు కదలవు. మేషం పై వరుసలో ఎడమ నుంచి రెండో గడి. లగ్నం పడిన గడిని ఒకటి అనుకొని సవ్యంగా లెక్కపెట్టడమే. ఆ ఖాళీ గడుల్లో ఆయన చెప్పిన ప్రశ్నకు సంబంధించిన మనుషుల్ని, వస్తువుల్ని రాయాలి. చూడడానికి పిల్లల ఆటలా ఉంటుంది, కానీ రోజులు పట్టింది.

దారి చూపింది మాత్రం ఆకాశమే. అయ్యగారు మమ్మల్ని డాబా మీదికి తీసుకుపోయి తూర్పు అంచు చూపించి ఇది లగ్నం అన్నారు. నెత్తి మీద పదో ఇల్లు, పడమటి అంచు ఏడు, కాళ్ల కింద కనపడని సగంలో నట్టనడుమ నాలుగు. సూర్యుడు ఉదయాన లగ్నంలో, మధ్యాహ్నం పదిలో, మునిగేటప్పుడు ఏడులో, నడిరాత్రి నాలుగులో ఉంటాడు. కేంద్రాలంటే ఈ నాలుగు మూలలే. ఇది మనసుకెక్కితే వరాహమిహిరుడి కొడుకు పృథుయశస్సు చెప్పిన మాట దానంతటదే విప్పుకుంటుంది. ఆయన ప్రశ్న గ్రంథం షట్పంచాశికలో ఉన్నవి 56 శ్లోకాలే. మొదట్లోనే చెప్తాడు: లగ్నం నుంచి స్థానం తప్పడం, నాలుగు నుంచి వృద్ధి, పది నుంచి ప్రవాసం, ఏడు నుంచి తిరుగుముఖం చూడాలని. నాలుగులో గ్రహం ఉంటే పరాయి ఊరు పోయినవాడు ఇల్లు చేరినట్టే. నెత్తికెక్కిన గ్రహం ఇల్లు విడిచి అందరికీ కనపడేంత దూరం పోయింది, పడమటికి వాలింది తిరుగుముఖం పట్టింది, కిందికి దిగింది గూడు చేరింది. ఇది అయ్యగారి వివరణ. కంఠతా పట్టిన వరుసలో ఏడు అంటే పెళ్లాం, పది అంటే కొలువు. ఇక్కడ అవే ఇండ్లు ఒక మనిషి నడిచే దారి.

ఈ శ్లోకం ఉత్తర తెలంగాణ కోసమే రాసినట్టుంటుంది. జగిత్యాల దిక్కు నుంచి, సిరిసిల్ల దిక్కు నుంచి దుబాయ్, మస్కట్ పోయిన పిల్లల గురించి అడిగే తల్లులు అయ్యగారి దగ్గరికి వస్తూనే ఉంటారు. ఒకామె వచ్చి "మా పోరడు బతుకమ్మ పండుగకు వస్తడా అయ్యగారూ, జర శాత్రం చూడున్రి" అంది. మేము పెన్సిళ్లు తీశాం. ఆయన చక్రం జోలికి పోకుండా ఆమెను అడగడం మొదలుపెట్టారు. ఫోన్ చేస్తున్నాడా, సెలవు ఇచ్చారా, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది? సెలవు ఇంకా కాలేదంది. ఆమె పోయాక ఆయన మమ్మల్ని అడిగారు: "ఆమె అడిగింది కొడుకు వచ్చుడా, సేఠు సెలవిచ్చుడా?"

వచ్చుడైతే ఏడు, నాలుగు. శ్లోకం వీటిని ప్రశ్న లగ్నం నుంచే లెక్కపెట్టమంది, కొడుకు ఇల్లయిన ఐదు నుంచి కాదు. సెలవు సంగతైతే అది కొడుకు కొలువు, అప్పుడు ఐదు నుంచి పదో ఇల్లు చూడాలి. ఒకే తల్లి, ఒకే వాక్యం. చూసే ఇల్లు మారిపోతుంది.

ఐదు నుంచి పది అంటే ఎంత? ఇక్కడ లెక్కల టీచర్‌ని గనుక నాకు సుఖం దొరికింది. మొదలుపెట్టిన ఇంటిని ఒకటిగా లెక్కించాలి కాబట్టి, రెండు అంకెలు కలిపి ఒకటి తీసేయాలి, పన్నెండు దాటితే పన్నెండు తీసేయాలి. ఐదు, పది కలిపితే పదిహేను, ఒకటి తీస్తే పద్నాలుగు, పన్నెండు తీస్తే రెండు. తమ్ముడి భార్య మూడు నుంచి ఏడు, అంటే తొమ్మిది. మేనమామ తల్లి ఇంటి నుంచి మూడు, అంటే ఆరు.

ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్ముకొని అటునుంచి అటే వచ్చిన ఒక రైతు అల్లుడి నౌకరి నిలుస్తదా అని అడిగినప్పుడు ఈ లెక్కకు అసలు పరీక్ష వచ్చింది. బిడ్డ ఐదు. అల్లుడు ఐదు నుంచి ఏడు, పదకొండు. అతని నౌకరి పదకొండు నుంచి పది, అంటే ఎనిమిది. ఎనిమిదంటే రంధ్ర స్థానం, ఆయుష్షు, చావు. జాతకాల అలవాటుతో చూసేవాళ్లు అక్కడ గ్రహాన్ని చూడగానే మొహం చిన్నబుచ్చుకుంటారు. అడిగినాయనకు ఎనిమిదైన ఇల్లే అల్లుడికి రాజ్యస్థానం. రైల్వే పెద్దాయన దీన్ని చాలాసేపు ఒప్పుకోలేదు.

మేము లెక్క తేల్చి సంబరపడుతుంటే అయ్యగారు ఆ రైతు వైపు తిరిగి "నౌకరి పోతదని భయమా, బిడ్డ ఇంటికొస్తదని భయమా?" అన్నారు. ఆయన కాసేపు ఆగి "బిడ్డదే అయ్యగారూ, ఏడాదాయె అదే రంది" అన్నాడు. ఇంకేముంది, పదకొండూ ఎనిమిదీ పక్కకు పోయాయి, ఐదు చూడాలి. ఇండ్లు తిప్పడం చేతనైనవాడికి అవసరం లేకున్నా తిప్పబుద్ధవుతుంది. అది ఈ విద్యలో పెద్ద జబ్బు అని నా అభిప్రాయం.

భూమి ప్రశ్నలూ ఇట్లాంటివే. పట్టా కావాలన్నవాడికి నాలుగు భూమి. అన్నదమ్ముల తగాదా అయితే మూడు కూడా లేస్తుంది. కోర్టుకెక్కితే అడిగేవాడు లగ్నం, ఎదుటివాడు ఏడు, తీర్పు చెప్పేవాడు పది. "నీకు భూమి గావాల్నా, మీ అన్న మీద గెలుపు గావాల్నా?" అని అయ్యగారు అడిగితే కొందరికి కోపం వస్తుంది. జవాబు చెప్పకుండా లేచిపోయినవాళ్లున్నారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ తికమకపెట్టింది రోగి ప్రశ్న. ఆరు రోగం, లగ్నం శరీరం కదా, రెండూ చూస్తే అయిపోయింది అనిపిస్తుంది. నీలకంఠ దైవజ్ఞుడి పేరున ఉన్న ప్రశ్నతంత్రం అట్లా చెప్పదు. లగ్నం వైద్యుడట, ఏడు వ్యాధి, పది రోగి, నాలుగు ఔషధం. రోగి లగ్నంలో లేడు! కొన్నాళ్లకు ఇందులోని పద్ధతి పట్టుబడింది. నాలుగు మూలల్లో నలుగురిని నిలబెట్టి ఎదురెదురు చూపించడమే. వైద్యుడికి ఎదురుగా వ్యాధి, రోగికి ఎదురుగా మందు. ఇంగ్లండులో విలియం లిల్లీ 1647లో అచ్చువేసిన క్రిస్టియన్ ఆస్ట్రాలజీలో ఇదే ప్రశ్నకు రోగి లగ్నం, వ్యాధి ఆరు, వైద్యుడు ఏడు, మందు పది. మన కేరళలో పుట్టిన ప్రశ్నమార్గం అనే గ్రంథం 1649 నాటిది. రెండేళ్ల తేడాతో ప్రపంచంలో రెండు మూలల ఇద్దరు ఒకే పనిలో ఉన్నారన్నమాట. రెండు పద్ధతుల్ని కలిపి వండవద్దని, ఒక ప్రశ్నకు ఒకే పొయ్యి అని అయ్యగారి కట్టడి. ఇంకోటి కూడా ఉంది: రోగి ప్రశ్నతో వచ్చినవాళ్లను ముందు దవాఖానకు పోయొచ్చారా అని అడుగుతారు. లేదంటే చక్రం వేయరు.

సమయం సంగతి తొందరగా చెప్తాను, ఇప్పుడు ఫోనే అన్నీ చేస్తున్నది. వరంగల్ దాదాపు 79.6 భాగల (డిగ్రీల) తూర్పు రేఖాంశం మీద ఉంది. మన గడియారం 82.5 భాగల రేఖాంశానికి నడుస్తుంది. భాగకు నాలుగు నిమిషాల చొప్పున మన స్థానిక కాలం గడియారం కంటే పదకొండున్నర నిమిషాలు వెనక. అంతలో లగ్నం మూడు భాగల దాకా జరుగుతుంది. రాశి అంచు మీదుంటే ఇండ్లన్నీ ఒక గడి జరిగిపోతాయి. గడియారం మీద నమ్మకం లేనివాళ్లు 1 నుంచి 108 లోపు ఒక అంకె చెప్పమంటారు. దాన్ని తొమ్మిదితో భాగిస్తే వచ్చింది గడిచిన రాశులు, మిగిలింది నవాంశ, అంటే రాశిలో తొమ్మిదో వంతు. 50 అంటే ఐదు రాశులు గడిచి ఆరోదైన కన్య, అందులో ఐదో నవాంశ. కృష్ణమూర్తి పద్ధతి అనే మరో శాఖవాళ్లకు ఆ అంకె 249 దాకా పోతుంది.

ఇండ్లు కుదిరాకే గ్రహాలు వచ్చాయి. లగ్న రాశిని ఏలే గ్రహం, అంటే లగ్నాధిపతి, అడిగేవాడు; సంగతి ఏ ఇంటిదో ఆ ఇంటి అధిపతి కార్యేశుడు. ఇద్దరిలో వేగం గలవాడు తక్కువ భాగల్లో ఉండి, మందంగా నడిచేవాణ్ని చూస్తూ దగ్గరవుతుంటే ఇత్థశాలం, పని అయ్యే లక్షణం. దాటిపోతే ఈసరాఫం. ఇల్లు తప్పుగా ఎంచుకుంటే కార్యేశుడే తప్పు, ఇత్థశాలం ఎంత చక్కగా కుదిరినా అది వేరెవరి పనో అవుతుంది.

మా బడిలో ఫిజిక్స్ సారు దీన్నంతా నవ్వుతూ వింటాడు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, ఆయన సహచరులు చేసిన పరీక్షను ఎత్తుతాడు. అది 2009లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. 27 మంది జ్యోతిషులకు తలా 40 జాతకాలిచ్చి, ఏవి బాగా చదివే పిల్లలవో, ఏవి మానసిక ఎదుగుదల తక్కువైన పిల్లలవో చెప్పమంటే సగటున 46 శాతమే సరిపోయాయి. బొమ్మాబొరుసు వేసినా అంతే వస్తుంది అంటాడు. అవి జాతకాలు, ఇది ప్రశ్న అని నేను తప్పించుకోను. దుబాయ్ కొడుకు పండుగకు వచ్చాడో లేదో మాకే తెలియదు, ఆ తల్లి మళ్లీ రాలేదు. ఫలితాలు రాసిపెట్టుకోనిదే నిజమైందని చెప్పుకోవడానికి లేదు. నాకు నచ్చింది మాత్రం చక్రం వేయకముందు జరిగే ఆ మాటలే. మనిషి అడిగినదాని వెనక ఏముందో తేల్చకుండా ఇల్లు ఎంచుకోలేం. ఆ తేల్చుడు అయిపోయాక కొందరికి చక్రంతో పనే ఉండదు.

ఇప్పుడు మా మధ్య నడుస్తున్న తగాదా ఫోన్ ప్రశ్నల గురించి. డాలస్ నుంచి ఎవరో వీసా గురించి ఫోన్ చేస్తే లగ్నం ఏ ఊరిది? డాలస్ మనకు భూగోళం అవతలి వైపు, రేఖాంశాల తేడా 176 భాగలు. ఇక్కడ తెల్లారుతుంటే అక్కడ పొద్దు మునుగుతుంటుంది. ఇక్కడ లగ్నమైన రాశి అక్కడ ఇంచుమించు ఏడో ఇంటి దిక్కు పడుతుంది, అడిగేవాడూ ఎదుటివాడూ పీటలు మార్చుకున్నట్టే. సంగతి అర్థమైంది చూసేవాడికి గనుక చూసేవాడు కూర్చున్న చోటే లగ్నం అని అయ్యగారు. నేనూ ఆ పక్షమే. దుబాయ్ అయితే గంటన్నర తేడా, ఒక రాశి అటో ఇటో. పాలిటెక్నిక్ పిల్లవాడు ఒప్పుకోవడం లేదు. అడిగినవాడి క్షణం తీసుకున్నప్పుడు అడిగినవాడి చోటు ఎందుకు తీసుకోరాదంటాడు. అయ్యగారు వాణ్ని రెండు చక్రాలూ వేసి, రెండింటి ఫలితం తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసిపెట్టమన్నారు.