ప్లస్ గుర్తుతో పడిన పాట్లు

సభ్యుల మధ్య ఈమెయిల్‌లో చర్చ నడిపే ఒక మెయిలింగ్ లిస్టుకు నేను పంపిన పదకొండో ఉత్తరం నిన్న రాత్రి 9.40కి ఆ లిస్టు ఆర్కైవులో, అంటే పాత ఉత్తరాలు దాచే చోట, కనిపించింది. నాలుగు రోజుల పాట్ల తరువాత దానిని అక్కడ చూడగానే కలిగిన ఆనందంలో ఇది రాస్తున్నాను.

పర్లాకిమిడిలో నాకున్న రెండు ఈమెయిల్ చిరునామాలలో ఒకటి ఒడియాలో సాగే ఆఫీసు పనికి, రెండవది సొంత వ్యవహారాలకు. సవర లిపి ఫాంటులపై చర్చించే లిస్టులో చేరినప్పుడు, ఆ సొంత చిరునామాకే ప్లస్ గుర్తు పెట్టి ‘లిపి’ అన్న మాట తగిలించి ఇచ్చాను. అలా తగిలించినా ఉత్తరాలు అదే పెట్టెకు సజావుగా వచ్చాయి. జవాబిస్తే మాత్రం రెండు నిమిషాలలోపే, సభ్యులు కానివారు రాయరాదంటూ తిరిగివచ్చింది.

మొదట అక్షరాలను అనుమానించాను. కంప్యూటర్లలో లిపులకు సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో 2012లో చేరిన సోరా సోంపెంగ్ అనే ఈ సవర లిపిలో ఒక్కో అక్షరం యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో నాలుగు బైట్లు తీసుకుంటుంది కనుక, విషయ వరుసలో అవి ఉండడమే కారణమనుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలతో పంపినా తిరిగివచ్చింది. పేరులోని పెద్ద అక్షరాలు మార్చి మూడుసార్లు, జోడించిన ఫైలును 38 కేబీ నుంచి 4 కేబీకి తగ్గించి రెండుసార్లు పంపినా ఫలితం అదే.

ఎనిమిదోసారి కూడా తిరిగివచ్చాక, లిస్టు నుంచి నాకు వచ్చిన ఒక ఉత్తరం హెడర్లు, అంటే అది ఎవరి నుంచి ఎవరికి ఎలా చేరిందో చెప్పే పై వరుసలు, పూర్తిగా చదివాను. ‘టు’ వరుసలో ఉన్నది లిస్టు చిరునామా. నా ప్లస్ చిరునామా ‘డెలివర్డ్-టు’లో మాత్రమే ఉంది. వచ్చిన చిరునామా నుంచే జవాబిచ్చే అమరికను నేను మొదటి నుంచీ పెట్టుకున్నప్పటికీ, అది ‘టు’ వరుసను మాత్రమే చూసి, నాది దొరకక, మామూలు చిరునామాను వాడుతోందని నా అంచనా. మెయిల్ సేవకు ఆ రెండూ ఒకే పెట్టె. లిస్టుకు ఇద్దరు వేర్వేరు మనుషులు.

తొమ్మిదోసారి పంపే చిరునామాను చేత్తో ఎంచుకున్నాను. అది చేరింది, కానీ మనం లిస్టుకు రాసిన ఉత్తరం ప్రతిని మా మెయిల్ సేవ తిరిగి ఇన్‌బాక్సులో చూపదు గనుక, ఆర్కైవు తెరిచేదాకా, అంటే రెండు రోజుల పాటు, అదీ పోయిందనే అనుకున్నాను. పదోసారి ఫోను నుంచి రాస్తూ చిరునామా మార్చడం మరిచిపోయాను. చివరికి మామూలు చిరునామాను కూడా సభ్యత్వంలో చేర్చి, దానికి ఉత్తరాల బట్వాడా ఆపివేశాను.

నిజానికి ఒకే ఖాతాకు అనేక చిరునామాలు జోడించనిచ్చే, లిస్టులు నడిపే సాఫ్ట్‌వేర్ మెయిల్‌మ్యాన్ 3 పద్ధతే నాకు ఉత్తమంగా తోస్తుంది. ఐడెంటిటీని, అంటే పంపే చిరునామాను, డెలివరీ హెడర్లతో సరిపోల్చే సదుపాయం ఉన్నందున థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాముకు మారాలని కూడా ఉంది. ఈ ఆదివారం ఆఫీసు చిరునామాపై ఉన్న నాలుగు లిస్టుల సభ్యత్వాలను ఇటు తెచ్చి, ఫిల్టర్లను విషయ వరుసకు బదులు ఏ లిస్టు నుంచి వచ్చిందో చెప్పే ‘లిస్ట్-ఐడీ’ హెడరు ఆధారంగా తిరగరాస్తాను.