గేటు లేని మిలిటరీ ఆస్పత్రి

మా నాన్న సికింద్రాబాదు తిరుమలగిరిలోని మిలిటరీ ఆస్పత్రిలో వార్డు సహాయకుడిగా చేరి, అక్కడే పదవీ విరమణ చేశారు. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో ఆయనకు అన్నం క్యారియర్ ఇచ్చి రావడం నా పని. గేటు దగ్గర సెంట్రీ ఆపేవాడు. నేను సైకిలు దిగి, క్యారియర్ మూత తీసి చూపించి, నాన్న పేరూ వార్డు నంబరూ చెబితే లోపలికి కబురు వెళ్లేది. ఆయనే బయటికి వచ్చి క్యారియర్ అందుకుని వెళ్లేవారు. ఆ గేటు దాటి నేను లోపలికి వెళ్లింది లెక్కపెట్టి రెండుసార్లు. సైనిక వైద్యం అనగానే నాకు ఇప్పటికీ ముందుగా గుర్తుకు వచ్చేది ఆకుపచ్చ రంగు వేసిన ఆ ఇనుప గేటే.

2019లో ఆపరేషన్ థియేటర్ నర్సుగా బర్మింగ్‌హామ్‌కు వచ్చినప్పుడు, నేను చేరబోయే ఎడ్జ్‌బాస్టన్‌లోని క్వీన్ ఎలిజబెత్ ఆస్పత్రి బ్రిటిష్ సైనిక వైద్యానికి కూడా కేంద్రమని నాకు తెలియదు. తెలిసి ఉంటే గేటు కోసం వెతికి ఉండేదాన్ని. వెయ్యికి పైగా పడకలతో, ఒకే అంతస్తులో వంద పడకల క్రిటికల్ కేర్ విభాగంతో నగరంలో ఎక్కడి నుంచి చూసినా కనిపించే ఆ మూడు గుండ్రటి టవర్లలోకి ఎవరైనా నడిచి వెళ్లవచ్చు. కింద కాఫీ కొట్టు, దాని పక్కన పత్రికలు అమ్మే దుకాణం, కాస్త అవతల బస్టాపు.

థియేటర్లో రోజు మొదలయ్యేది బ్రీఫింగ్‌తో. ఆ రోజు పనిచేసే వాళ్లందరం వలయంగా నిలబడి ఒక్కొక్కరం పేరూ పనీ చెప్పుకుంటాం. కత్తి పట్టే సర్జన్ నుంచి స్ట్రెచర్ తోసే పోర్టర్ దాకా అందరివీ మొదటి పేర్లే, ఇంటి పేర్లు గానీ బిరుదులు గానీ ఉండవు. అందరి ఒంటి మీదా ఒకే రంగు స్క్రబ్స్. నేను చేరిన మొదటి నెలలో మా మత్తు డాక్టరు ఒకాయన ఉండేవారు, మెల్లగా మాట్లాడే మనిషి. కొత్తవాళ్లు మందు డోసు తప్పుగా చదివినా విసుక్కోకుండా మళ్లీ చదవమనేవారు. మూడు వారాలు ఆయనతో కలిసి పనిచేశాక, ఒక సాయంత్రం కారిడార్లో సైనిక దుస్తుల్లో ఎదురుపడ్డారు. ఛాతీ మీద ర్యాంకు పట్టీలో ఒక కిరీటం, దాని కింద ఒక నక్షత్రం. మన దగ్గర నాలుగు సింహాలు ఉండే చోట ఇక్కడ కిరీటం ఉంటుంది, అంతే తేడా; మిలిటరీ ఆస్పత్రి ఉద్యోగి కూతురిని కాబట్టి లెఫ్టినెంట్ కర్నల్ అని పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. గోడకు జరిగి నిలబడి "సర్" అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, ఎవరిని పిలుస్తున్నానో అర్థం కాక, మర్నాటి లిస్టులో రెండో కేసుకు రక్తం సిద్ధంగా ఉందో లేదో కనుక్కున్నారా అని అడిగారు.

ఇలా ఎందుకు ఉందో తెలుసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక, 1994లో జరిగిన రక్షణ వ్యయ సమీక్షతో బ్రిటన్ తన సైనిక ఆస్పత్రులను ఒక్కొక్కటిగా మూసివేయడం మొదలుపెట్టింది. పద్దెనిమిదో శతాబ్దం నుంచి నావికులకు వైద్యం చేసిన గోస్‌పోర్ట్‌లోని హాస్లార్ ఆస్పత్రి కూడా చివరకు 2009లో మూతపడింది. శాంతికాలపు సైనికుడు యువకుడు, ఆరోగ్యవంతుడు. అతనికి మాత్రమే వైద్యం చేసే సర్జన్‌కు చేతికి పని ఉండదు, పని లేని చేయి మొద్దుబారుతుంది. అందుకని వైద్యులనూ నర్సులనూ పౌర ఆస్పత్రుల్లోనే ఉంచి, రోజూ మామూలు రోగులకు వైద్యం చేయించి, యుద్ధం వస్తే అక్కడి నుంచి పంపాలని నిర్ణయించారు. ఆ ఏర్పాటుకు కేంద్రంగా 2001లో బర్మింగ్‌హామ్‌లోని సెల్లీ ఓక్ ఆస్పత్రిలో రాయల్ సెంటర్ ఫర్ డిఫెన్స్ మెడిసిన్ మొదలైంది. 2010లో కొత్త క్వీన్ ఎలిజబెత్ భవనం తెరుచుకోగానే అదీ ఇక్కడికి మారింది.

మొదలైన ఏడాదే అఫ్గానిస్తాన్ యుద్ధం వచ్చింది, 2003లో ఇరాక్ వచ్చింది. అఫ్గానిస్తాన్‌లోని బ్రిటిష్ స్థావరం క్యాంప్ బాస్టియన్‌కు చేరిన గాయపడిన సైనికుడిని అక్కడి ఆస్పత్రిలో ప్రాణాపాయం నుంచి తప్పించి, విమానంలోనే క్రిటికల్ కేర్ అందిస్తూ బర్మింగ్‌హామ్‌కు తెచ్చేవారు. సైనికులను మామూలు రోగుల పక్కన పడుకోబెడుతున్నారని 2006, 2007 సంవత్సరాల్లో పత్రికలు గట్టిగానే విమర్శించాయి. ఆ తర్వాత సైనిక నర్సుల అజమాయిషీలో నడిచే వార్డు ఏర్పడింది. నేను వచ్చేనాటికి ఇదంతా ముగిసిన కథ. కానీ నాకంటే ముందు నుంచీ ఉన్న కొట్టాయం సిస్టర్లు టీ గదిలో ఆ రోజుల గురించి చెబుతుంటే, చెబుతున్నవాళ్లు మధ్యలో ఆగి కప్పు కడుక్కోవడానికి లేచి వెళ్లడం చూశాను.

ఆ రోజుల్లో ఇక్కడ నాయకత్వం వహించినవాళ్లలో అందరూ యూనిఫాం వాళ్లు కారు. సెల్లీ ఓక్‌కు వచ్చిన క్షతగాత్రుల చికిత్సలో ముందుండి నిలబడిన సర్ కీత్ పోర్టర్ ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ, సర్జన్. సైన్యానికి చేసిన సేవకు గాను 2011లో ఆయనకు నైట్‌హుడ్ ఇచ్చారు. యూనిఫాం వైపు నుంచి అత్యవసర వైద్యంలో టిమ్ హాడ్జెట్స్, మత్తు వైద్యంలో పీటర్ మహోనీ, శస్త్రచికిత్సలో నౌకాదళానికి చెందిన మార్క్ మిడ్‌వింటర్ రక్షణ శాఖ ప్రొఫెసర్లుగా ఉన్నారు. హాడ్జెట్స్, మహోనీ మరి ఇద్దరితో కలిసి 2006లో రాసిన ఒక చిన్న వ్యాసం మా పని మార్చింది. గాయపడినవారికి ముందు శ్వాసమార్గం, తర్వాత ఊపిరి, ఆపైన రక్తప్రసరణ చూడాలన్నది ప్రపంచమంతా పాటించిన వరుస; వాటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఏబీసీ అంటారు. బాంబు పేలి కాలు తెగిన మనిషి మీరు శ్వాసమార్గం చూసేలోపే రక్తం పోయి చనిపోతాడు కాబట్టి, ధారగా పోయే రక్తాన్ని ఆపడం అన్నిటికంటే ముందు జరగాలని వాళ్లు ఆ వరుసకు ముందు ఇంకో అక్షరం చేర్చారు. హాడ్జెట్స్ 2021లో మొత్తం సైనిక వైద్య విభాగానికి అధిపతి, అంటే సర్జన్ జనరల్, అయ్యారు. 2011లో ఇదే ప్రాంగణంలో రక్షణ శాఖ, ఆరోగ్య శాఖ, విశ్వవిద్యాలయం, ఆస్పత్రి కలిసి 2 కోట్ల పౌండ్లతో గాయాల పునర్నిర్మాణం మీదా ఇన్ఫెక్షన్ల మీదా పరిశోధనా కేంద్రం పెట్టుకున్నాయి. పేర్లూ హోదాలూ ఎవరైనా ఏకరువు పెట్టగలరు. ఆ పేర్ల వెనక ఉన్న అసలు విషయాన్ని నేను చూసింది ఒక శనివారం రాత్రి.

కత్తిపోటుకు గురైన కుర్రవాడిని తెచ్చారు. పద్దెనిమిదేళ్లు కూడా ఉన్నట్టు లేడు. కోడ్ రెడ్ ప్రకటించారు. అంటే రక్తనిధి నుంచి పెట్టె అడక్కుండానే బయలుదేరుతుంది, అందులో ఎర్ర కణాలతో పాటు ప్లాస్మా కూడా ఉంటుంది. నా పని రక్తం వేగంగా ఎక్కించే యంత్రం దగ్గర. ఒక్కో సంచీ తగిలించగానే ఎన్నోదో గట్టిగా చెప్పాలి. పొట్ట మీద సర్జన్, తల దగ్గర మా లెఫ్టినెంట్ కర్నల్. ప్రతి కొన్ని నిమిషాలకూ ఇద్దరూ ఒక్క క్షణం ఆగేవారు. రక్తపోటు ఎంత, ఒంటి వేడి ఎంత, రక్తంలో ఆమ్లం ఎంత, గడ్డకడుతోందా లేదా, ఇప్పటికి ఎన్ని యూనిట్లు వెళ్లాయి, ఇంకా ఎన్ని ఉన్నాయి: ఈ ప్రశ్నలు ఒకరు అడుగుతారు, జవాబులు గదిలో అందరికీ వినబడేలా వస్తాయి, మళ్లీ చేతులు కదులుతాయి. చివరి జవాబు నాది. "ఎనిమిది వెళ్లాయి, నాలుగు ఉన్నాయి" అని నేను చెప్పాక, సర్జన్ పేగు కుట్టే పని మర్నాటికి వాయిదా వేసి, రక్తం కారుతున్న చోటు మాత్రం కట్టి, పొట్టలో గుడ్డ కుక్కి బయటికి వచ్చారు. నా లెక్క ఆయన నిర్ణయంలో ఒక భాగమైంది. చేరి నాలుగు నెలలైనా కాని, ఇంగ్లీషులో ఇంకా తడబడే నర్సు నోటి మాట అది.

అలా ఆగి మాట్లాడుకునే పద్ధతి బాస్టియన్ గుడారాల నుంచి వచ్చిందని తర్వాత తెలిసింది. ట్రామా గదిలో జట్టు నాయకుడు మంచం కాళ్ల వైపు నిలబడి, చేతులు కట్టుకుని, రోగిని ముట్టుకోకుండా ఉంటాడు. మొదట్లో నాకది బడాయిగా అనిపించింది. ముట్టుకుంటే తన చేతి కిందిది తప్ప మిగతాది కనబడదని, అందుకే చేతులు కట్టుకుంటారని అర్థమయ్యాక, ఆ నిలబడటమే అన్నిటికంటే కష్టమైన పని అనుకున్నాను.

ఈ కార్యక్రమాన్ని నడిపేవాళ్లను నిజంగా వేధించేది యుద్ధం కంటే యుద్ధం లేకపోవడం. 2014లో బ్రిటిష్ సేనలు బాస్టియన్ నుంచి వెళ్లిపోయాక గాయపడినవారి రాక ఆగింది. 2015లో సర్జన్ జనరల్ అయిన నౌకాదళ సర్జన్ అలస్డేర్ వాకర్ పేరు మీద ఇక్కడ 'వాకర్ డిప్', అంటే వాకర్ గుంట, అనే మాట ఉంది: యుద్ధం ముగియగానే సైన్యం నేర్చుకున్న వైద్యాన్ని మరచిపోతుంది, తర్వాతి యుద్ధంలో మొదట గాయపడినవారి ప్రాణాల ఖర్చుతో దాన్ని మళ్లీ నేర్చుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రక్తం ఎక్కించడం నేర్చుకున్నాక కూడా, అమెరికా సైన్యం రెండవ ప్రపంచ యుద్ధంలో ప్లాస్మా చాలుననుకుని దిగి, ఉత్తర ఆఫ్రికాలో రక్తం విలువ మళ్లీ తెలుసుకుంది. ఆ గుంటలో పడకుండా ఉండటానికే శనివారం రాత్రి బర్మింగ్‌హామ్ వీధుల కత్తిపోట్ల దగ్గర ఒక కర్నల్ నిలబడతాడు. ఆ కుర్రవాడికి ఇది తెలియదు, తెలియనవసరమూ లేదు.

నాయకులకు ఇద్దరు యజమానులు. సైన్యం వైపు వార్షిక నివేదిక రాస్తుంది, ఆస్పత్రి వైపు అప్రైజల్ చేస్తుంది. సైన్యం రమ్మన్న రోజున వెళ్లాలి. ఆ రోజు వాళ్ల పేరు మీద ఉన్న ఆపరేషన్ల జాబితా ఆస్పత్రి చూసుకోవాలి. ఈ రెంటినీ కుదర్చడమే కార్యక్రమం నడిపేవారి రోజువారీ పని అని చెప్పవచ్చు. ఇది వీరగాథల్లోకి ఎక్కే పని కాదు, రోటా కాగితం మీద జరిగే పని. ఎవరు ఎన్ని నెలలు వెళతారు, ఎవరి బదులు ఎవరు, తిరిగి వచ్చినవారికి ఎన్ని రోజుల తర్వాత రాత్రి డ్యూటీ వేయాలి. ఆ కాగితం మీద సైనిక నర్సు పేరు ఉన్న గడి ఖాళీ అయినప్పుడు అక్కడ వచ్చి చేరే పేర్లు చూడండి: ఒక మలయాళీ, ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఒక నైజీరియా ఆయన, అప్పుడప్పుడు నేను. బ్రిటిష్ సైన్యం ఎప్పుడంటే అప్పుడు కదలగలగడానికి మా వీసాలూ ఒక కారణమని నేను అంటే మా మేట్రన్ నవ్వింది గానీ కాదనలేదు. నాకూ అందులో చిన్న గర్వమే తప్ప ఫిర్యాదు లేదు. అదనపు షిఫ్టుల డబ్బుతోనే తిరుమలగిరిలో మా ఇంటి పై అంతస్తు లేచింది.

మన దేశానికీ బ్రిటన్‌కూ మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోవడం పాతదే. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ సైనిక వైద్యుడే, ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారి. బేగంపేటలో ఆయన పేరున ఉన్న భవనం ముందు నుంచే నేను నర్సింగ్ కాలేజీకి బస్సులో వెళ్లేదాన్ని. భారత వైమానిక దళంలో తొలి మహిళా ఎయిర్ మార్షల్ అయిన వైద్యురాలు పద్మా బందోపాధ్యాయ తిరుపతిలో పుట్టారని మా లెఫ్టినెంట్ కర్నల్‌కు చెబితే, ఆయన ఆ పేరును మూడుసార్లు పలకడానికి ప్రయత్నించి, కాగితం మీద రాయించుకున్నారు. 2024 అక్టోబరులో భారత సాయుధ దళాల వైద్య సేవలన్నిటికీ సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తీ సరీన్ తొలి మహిళా అధిపతి అయినప్పుడు ఆ వార్త ఆయనే నాకు చూపించారు. అదే ఏడాది నవంబరులో ఇక్కడి సైన్యంలో డాక్టర్ల దళం, దంతవైద్యుల దళం, నర్సుల దళం మూడూ కలిసి రాయల్ ఆర్మీ మెడికల్ సర్వీసుగా మారాయి. టోపీ బిళ్ల మారుతోందని మా థియేటర్లోని సైనిక నర్సు రెండు వారాలు దిగులు పడింది.

నాన్న 2023 వేసవిలో వచ్చారు. నేను పనిచేసే చోటు చూడాలని పట్టుబడితే సెలవు రోజున తీసుకెళ్లాను. ప్రధాన ద్వారం దగ్గర బస్సు దిగి చుట్టూ చూశారు.

"గేటు ఏడుంది బిడ్డా?"

"గేటు లేదు నాన్నా. ఇదే."

"మిలిటరీ దవాఖాన అంటివి గద?"

లోపల కాఫీ కొట్టు దగ్గర వరుసలో నిలబడ్డాం. మా వెనక సైనిక దుస్తుల్లో ఒకామె వచ్చి నిలబడింది. మూడు నక్షత్రాలు, కెప్టెన్. నాన్న వెనక్కి తిరిగి చూసి, వెన్ను నిటారు చేసి, చెప్పులు సర్దుకుని, వరుసలోంచి పక్కకు తప్పుకుని ముందుకు రమ్మన్నట్టు చేయి చాపారు. ఆమెకు అర్థం కాలేదు. తల అడ్డంగా ఊపి, మీరే ముందు అంది. నాన్న కదలలేదు. ఆమె కూడా కదలలేదు. కొట్టు అబ్బాయి ఎవరికి ఏం కావాలని అడుగుతున్నాడు, వెనక వరుస పెరుగుతోంది. చివరికి నేను నాన్న భుజం పట్టి ముందుకు నడిపించి, రెండు టీలు చెప్పాను.

బల్ల దగ్గర కూర్చున్నాక కూడా ఆయన ఆమె వైపే చూస్తున్నారు. ఆమె కప్పు తీసుకుని, లిఫ్టు దగ్గర రోగులతో, చూడవచ్చిన బంధువులతో పాటు నిలబడి, తన వంతు వచ్చాక ఎక్కి వెళ్లిపోయింది.

"చక్కెర తక్కువైంది" అన్నారు నాన్న, టీ పక్కకు జరిపి.