ఆయన రంగు నీకు నచ్చలేదా?

రాత్రి పదకొండు దాటాక చిత్తూరు బస్టాండులో దిగాను. ఎంతసేపు పడుకున్నా నిద్ర పట్టలేదు. తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నాను.

పదకొండేళ్ళుగా పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తున్నాను. నాన్న స్టూడియోలోనే పని నేర్చుకున్నాను. తిరుపతిలో ఒకరోజు లైటింగ్ వర్క్‌షాప్ అని, చెప్పేది నేను ఎన్నాళ్ళుగానో అభిమానించే మాస్టారని తెలియగానే చేరిపోయాను. ఆయన తీసిన పోర్ట్రెయిట్లను ఫోన్లో దాచుకుని, కంటిపాపలో మెరిసే చుక్కను పెద్దది చేసి చూసేదాన్ని. చతురస్రంగా ఉంటే సాఫ్ట్‌బాక్స్ (లైటుకు తొడిగే తెల్లగుడ్డ పెట్టె), గుండ్రంగా ఉంటే గొడుగో ఆక్టానో (ఎనిమిది మూలల సాఫ్ట్‌బాక్స్), పైనుంచా పక్కనుంచా అని లెక్క కట్టేదాన్ని. ఆయన పేరు ఇక్కడ రాయను. నిర్వాహకుల గురించి రాయబోయే మాటలు ఆయనకు అంటకూడదు.

రిజిస్ట్రేషన్ సులభమే. ఫోన్‌పేలో 3,500 కట్టి స్క్రీన్‌షాట్ పంపడం, అంతే. ప్రయాణం డెబ్బై కిలోమీటర్లు, ఇబ్బంది లేదు.

హాలు ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో. ఇరవై మందికే అన్నారు, నేను లెక్కపెడితే నలభై మూడు మంది. రెండు లైట్లు, కెమెరా నొక్కగానే వాటిని వెలిగించే ట్రిగ్గర్ ఒకటే. డబ్బు కట్టేముందు ఎంతమంది, ఎన్ని లైట్లు, ఒక్కొక్కరికీ చేత్తో ముట్టుకునే అవకాశం ఉంటుందా అని రాతపూర్వకంగా అడగండి. జవాబు నాన్చితే వదిలేయండి.

పొద్దున సింక్ స్పీడ్ గురించి, అంటే ఫ్లాష్‌తో తీసేటప్పుడు షట్టర్ దాటకూడని వేగం గురించి చెప్పారు. ఒకబ్బాయి 1/500 సెకను వేగంలో తీస్తే ఫోటో కింద నల్లపట్టీ వచ్చింది. ఎందుకని మాస్టారు అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. ఆ వేగంలో సెన్సార్ మొత్తం ఒకేసారి తెరుచుకోదని, ఫ్లాష్ వెలిగే క్షణానికి షట్టర్ తెర కొంత భాగాన్ని కప్పేసి ఉంటుందని, 1/200కి దించితే సరిపోతుందని నేనే చెప్పాను. "కరెక్టుగా చెప్పావమ్మా" అన్నారు. ఆ మాట నాకు చాలా విలువైనది. కానీ ఆ వెంటనే నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి, "మేడమ్, మీరు ఈ రిఫ్లెక్టర్ పట్టుకోండి" అని ఆ వెలుగు తిప్పే అట్టను చేతిలో పెట్టేసి వెళ్ళాడు. నలభై మందిలో ఆడవాళ్ళం ముగ్గురం. ముగ్గురి చేతుల్లోనూ ఏదో ఒకటి పెట్టారు. భోజనాల దాకా మగవాళ్ళు తీస్తుంటే మేం పట్టుకుని నిలబడ్డాం. డబ్బు అందరం ఒకటే కట్టాం. అప్పుడే గట్టిగా అడిగి ఉండాల్సింది.

మధ్యాహ్నం రావాల్సిన మోడల్ రాలేదు. మాస్టారు హాలు వాచ్‌మన్‌ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. అరవై దాటినాయన, బాగా నలుపు, తెల్లచొక్కా. "పొద్దున జవాబు చెప్పిన అమ్మాయి రావాలి" అన్నారు.

నేను పెళ్ళిలో చేసేదే చేశాను. ఫ్లాష్‌ను టీటీఎల్‌లో, అంటే ఎంత వెలుగు కావాలో కెమెరానే లెక్కగట్టుకునే పద్ధతిలో పెట్టి, సాఫ్ట్‌బాక్స్ తగిలించి, ముఖానికి ఎదురుగా రెండు మీటర్ల దూరంలో నిలబెట్టాను. అలవాటు కొద్దీ ప్లస్ ఒకటి పెంచాను, అంటే ఫ్లాష్ వెలుగు రెట్టింపు. తీసింది తీసినట్టే ప్రొజెక్టర్‌లో పడింది.

ముఖం బూడిద పూసినట్టుంది. నుదుటి మీద చెమట తెల్లగా కాలిపోయింది. బుగ్గ ఎక్కడ, దవడ ఎక్కడ తెలియదు. వాచ్‌మన్ తెరవంక చూసి, "ఇదెవురు సార్, నా మాదిరి లేదే" అన్నాడు. హాలంతా నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. నావైపు తిరిగి, "ఆయన రంగు నీకు నచ్చలేదా అమ్మా?" అన్నారు.

తిట్టినా ఓర్చుకునేదాన్ని. ఆయన నిజంగానే అడిగారు, జవాబు కోసం ఆగారు. నలభై మంది ముందు నాకు మాట రాలేదు. నాదీ ఆ రంగే. నా పెళ్ళిచూపుల ఫోటోను నాన్నే కంప్యూటర్లో రెండు ఛాయలు తెల్లగా చేశారు. అబ్బాయి తరఫువాళ్ళు నన్ను చూసి ఫోటోవంక మళ్ళీ చూశారు. ఆ చూపు తెలిసినదాన్ని, పదకొండేళ్ళుగా ప్రతి పెళ్ళికూతురికీ అదే చేస్తున్నాను. "కొంచెం తెల్లగా రావాలమ్మా" అని తల్లి అంటుంది, మనం సరేనంటాం. ఆ పిల్ల తన ఆల్బమ్‌లోనే తన ముఖం వెతుక్కోవాలి. ఇది పాపం. మన వృత్తి ఈ పాపాన్ని ప్యాకేజీలో కలిపి అమ్ముతోంది.

తర్వాత మాస్టారు కారణం విప్పి చెప్పారు. టీటీఎల్ ఎదురుగా ఉన్నదాన్ని మధ్యస్థ బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ఫ్రేమ్ నిండా నల్లటి ముఖం ఉంటే లైటు పెంచేస్తుంది. దానిమీద నేను ఇంకొకటి పెంచాను. ఫిల్ము రోజుల్లోనూ ఇదే తంతు అన్నారు. 1950ల నుంచి ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన షర్లీ కార్డుల మీద చాలాకాలం ఉన్నది తెల్లజాతి అమ్మాయే. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు లెక్క. నాన్న ల్యాబు ప్రింట్లలో మా అమ్మ ముఖం ఎప్పుడూ మసకగా ఎందుకుండేదో నాకు అప్పుడు తోచింది.

నా కెమెరాతోనే ఆయన మళ్ళీ తీశారు. టీటీఎల్ ఆపేశారు. సాఫ్ట్‌బాక్స్‌ను పక్కకు జరిపి ఒక మీటరు దగ్గరికి తెచ్చారు. దూరం సగమైతే వెలుగు నాలుగింతలు కాబట్టి పవర్ 1/4 నుంచి 1/16కి తగ్గించారు. లైటు దగ్గరైతే ముఖానికి పెద్దదవుతుంది, మెరుపు చుక్కగా పడకుండా మెల్లగా పరుచుకుంటుంది. రెండోవైపు వెలుగును తిప్పికొట్టడానికి థర్మకోల్ అట్ట. నల్లటి చర్మానికి ఆకారం ఇచ్చేది ఈ మెరుపే, లైటు పెంచడం కాదు అన్నారు. తెర మీద దవడ అంచు, చెంప ఎముక, కంటికింద గీతలు ఒక్కొక్కటీ కనిపించాయి. రంగు ఆయనదే. వాచ్‌మన్ లేచి వచ్చి, తన ఫోన్‌తో ఆ తెరను ఫోటో తీసుకున్నాడు, కూతురికి పంపాలని.

సర్టిఫికెట్‌లో నా పేరు తప్పు పడింది. దాన్ని అక్కడే కుర్చీలో వదిలేసి వచ్చాను.

ఆ ఫోటో నా కార్డులోనే ఉంది. పొద్దున ల్యాబు తెరవగానే 12కి 18 అంగుళాల ప్రింటు వేయిస్తాను. వాచ్‌మన్ ఏ షిఫ్టులో ఉంటాడో కనుక్కుని చెప్పమని రాత్రి నిర్వాహకులకు మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నేనే వెళ్ళి ఇచ్చి వస్తాను.