కంచు నాణేలు: ఏడో వారం

ఈ వారం బొమ్మ తేలిన నాణేలు రెండే. పాత నాణేలు శుభ్రం చెయ్యడం ఇంగ్లండ్ వచ్చాక పట్టుకున్న పిచ్చి. మట్టి కూడా వదలని 15 రోమన్ కంచు నాణేలు కొని, డిస్టిల్డ్ వాటర్‌లో నానేశాను. మూడు రోజులకోసారి నీళ్లు మారుస్తున్నా. మొదట్లో టీ డికాక్షన్‌లా ఉండేవి, ఇప్పుడు దాదాపు తేటబడ్డాయి. కుళాయి నీళ్లు వాడొద్దు, వాటిలోని క్లోరైడ్లు కంచుకి పడవు.

తర్వాత పనంతా టూత్‌పిక్‌తోనే. నాణెం తడిగా ఉండగానే, 10 రెట్ల లెన్స్ కింద, రోజూ అరగంట. అంతకు మించి కూర్చుంటే చెయ్యి తొందరపడి గీత పడుతుంది.

మొదటిది 18 మి.మీ., 2.4 గ్రాములు. ముందువైపు రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటీన్, తలకి పూల బిళ్లల పట్టీ. వెనక ఇద్దరు సైనికులు: ఒక చేత ఈటె, ఇంకో చెయ్యి నేలకి ఆనించిన డాలు మీద. వాళ్ల మధ్య రెండు ధ్వజాలు. చుట్టూ ‘గ్లోరియా ఎక్సెర్కిటుస్’, అంటే సేన కీర్తి. అడుగున ఎస్.ఎం.కె. అన్న అక్షరాలు: ఇప్పటి టర్కీలో ఉన్న సైజికస్ టంకశాల.

రెండోది కూడా అదేలే అని పక్కన పెట్టేయబోయాను. కొలిస్తే 15 మి.మీ., 1.5 గ్రాములే. మళ్లీ లెన్స్ పెడితే మధ్యలో ధ్వజం ఒక్కటే! క్రీ.శ. 330లో ఈ బొమ్మ మొదలైనప్పుడు రెండుండేవి. 335 ప్రాంతంలో నాణెం బరువు తగ్గించారు, బిళ్ల చిన్నదైంది, ఒక ధ్వజం ఎగిరిపోయింది. సేన కీర్తిలో మాత్రం ఒక్క అక్షరం తగ్గలేదు. బిస్కెట్లు తగ్గినా ప్యాకెట్ మీద బొమ్మ మారనట్టే.

ఇక నా ఘనకార్యం. మూడో నాణేనికి, అమ్మ ఇత్తడి బిందె తోమినట్టు, చింతపండు రాశాను. పది నిమిషాల్లో తళతళా మెరిసింది. చక్రవర్తి ముక్కూ కన్నూ కూడా పోయాయి. కింద లోహాన్ని తుప్పు ఏనాడో తినేసి ఉంటుంది, ముఖమూ రాతా నిలిచేది ఆ కిలుము పొరలోనే. ఆ పొర గట్టిగా, నున్నగా ఉంటే ముట్టుకోకూడదు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది వేరే రోగం, క్లోరైడ్లు కంచుని తినేస్తున్నట్టు. అలాంటిది ఒకటి దొరికితే విడిగా సోడియం సెస్క్వికార్బొనేట్ (ఆ క్లోరైడ్లని బయటికి లాగే ఒక సోడా ఉప్పు) ద్రావణంలో వేశాను.

డబ్బాలో ఇంకా పదకొండున్నాయి. ఒకదాని అంచున తోక లాంటిది కనిపిస్తోంది. రోమ్ పుట్టుక కథలోని, కవల పిల్లలకి పాలిచ్చే తోడేలుదైతే, రెండో వైపు చక్రవర్తి ఉండడు, శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత ఉంటుంది. ఆదివారం తోక వైపు నుంచే మొదలుపెడతా.