గేట్ డీబీఎంఎస్: ఈఆర్ నుంచి టేబుళ్లు తీయడం నేను ఎలా ప్రాక్టీస్ చేశానంటే

గేట్ సీఎస్ (కంప్యూటర్ సైన్స్)కి ప్రిపేర్ అవుతున్న మిత్రులందరికీ డీబీఎంఎస్, అంటే డేటాబేస్ సబ్జెక్ట్ గురించి ఒక మాట. ఈఆర్ మోడల్ (ఎంటిటీలు, వాటి మధ్య సంబంధాలు చూపే బొమ్మ) నుంచి టేబుళ్లు తీసే భాగం చిన్నదే కదా అని చాలామంది చివరికి వదిలేస్తారు. దయచేసి వదలకండి. ఇది గట్టిపడితే కీలు (వరుసను గుర్తుపట్టే కాలమ్స్), ఫారిన్ కీలు (ఇంకో వరుసను చూపే కాలమ్స్), నార్మల్ ఫామ్స్ (ఒకే డేటా పదేపదే రాకుండా టేబుళ్లు విడగొట్టే నియమాలు), జాయిన్లు అన్నీ సగం తేలికైపోతాయి.

నియమాలు బట్టీ పడితే నాలుగు రోజుల్లో కలిసిపోతాయి. అందుకే నేను కోడ్ దారి పట్టాను. పైథాన్‌లో జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ వాడితే మనం క్లాసులు రాస్తే చాలు, టేబుళ్లు అదే తయారుచేస్తుంది. ముందు మేక్‌మైగ్రేషన్స్, ఆ తర్వాత ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ కమాండ్ ఇస్తే, ఏ క్రియేట్ టేబుల్ వాక్యాలు నడపబోతోందో తెర మీద చూపిస్తుంది. అయితే కమాండ్ కొట్టే ముందు ఆ టేబుళ్లను నేను కాగితం మీద చేత్తో రాసుకునేదాన్ని. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి లైన్ లైన్ పోల్చుకోవడమే. కాగితం పని మానేసి నేరుగా అవుట్‌పుట్ చూస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో మాత్రం చెయ్యి ఆడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. స్టూడెంట్, రూమ్, కోర్స్ అని మూడు క్లాసులు. స్టూడెంట్‌లో రూమ్‌కి ఫారిన్ కీ పెడితే కొత్త టేబుల్ ఏదీ రాదు, స్టూడెంట్ టేబుల్లోనే రూమ్_ఐడీ అనే కాలమ్ చేరుతుంది. ‘మెనీ’ వైపు టేబుల్లోకే కీ వెళ్తుందని నోట్స్‌లో చదువుకున్నది ఇదే. ఇప్పుడు స్టూడెంట్‌కీ కోర్స్‌కీ మెనీ-టు-మెనీ (ఒక స్టూడెంట్‌కి చాలా కోర్సులు, ఒక కోర్స్‌లో చాలామంది స్టూడెంట్లు) పెట్టండి. మీరు ఏ క్లాసూ రాయకుండానే ఇంకో టేబుల్ పుట్టుకొస్తుంది. అందులో ఒక ఐడీ, స్టూడెంట్_ఐడీ, కోర్స్_ఐడీ, ఆ చివరి రెండూ కలిపి యూనిక్.

ఇది కళ్లారా చూశాక 2005 గేట్ ప్రశ్న తీయండి. రెండు ఎంటిటీల మధ్య రెండు రిలేషన్‌షిప్‌లు, ఒకటి వన్-టు-మెనీ, ఇంకొకటి మెనీ-టు-మెనీ, వేటికీ సొంత ఆట్రిబ్యూట్లు లేవు, కనీసం ఎన్ని టేబుళ్లు కావాలి? మూడు. పెన్ను కూడా అక్కర్లేదు.

జావా వచ్చినవాళ్లు ఇదే పని హైబర్నేట్ అనే టూల్‌తో చేయొచ్చు. ఇన్‌హెరిటెన్స్ అర్థం కావడానికి నాకైతే అదే బాగుంది. అన్నిటికీ ఒకే టేబుల్, పేరెంట్‌కీ చైల్డ్‌కీ వేర్వేరు టేబుళ్లు పెట్టి జాయిన్ చేయడం, ఒక్కో క్లాసుకి పూర్తి టేబుల్ అని మూడు పద్ధతులూ అందులో ఉన్నాయి. స్పెషలైజేషన్ (ఒక ఎంటిటీని ఉపరకాలుగా విడగొట్టడం) పాఠం మొత్తం అక్కడ కనబడుతుంది. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకి ఒక జాగ్రత్త: హైబర్నేట్ స్కీమా సెట్టింగ్‌లో ‘క్రియేట్’ అని పెడితే ఉన్న టేబుళ్లను డ్రాప్ చేసి మళ్లీ కడుతుంది. ఈ ప్రయోగాలు మీ సొంత ల్యాప్‌టాప్‌లోనే చేయండి.

ఇక టూల్ ఇచ్చే జవాబు, గేట్ అడిగే జవాబు ఒకటి కాని చోట్లు ఉన్నాయి. మార్కులు పోయేది అక్కడే. రెండు వైపులా టోటల్ పార్టిసిపేషన్ ఉన్న (ఏ వైపూ జత లేని వరుస ఉండని) వన్-టు-వన్‌ని ఒకే టేబుల్లో ఇమడ్చవచ్చు, జాంగో మాత్రం రెండు టేబుళ్లు కట్టి ఫారిన్ కీకి యూనిక్ తగిలిస్తుంది. ‘కనీసం’ అన్న మాట దానికి పట్టదు.

వీక్ ఎంటిటీ (సొంత కీ చాలక ఇంకో ఎంటిటీ కీ మీద ఆధారపడేది) ఇంకా ముఖ్యం. హాస్టల్లో గది నంబరు 101 ప్రతి బ్లాక్‌లోనూ ఉంటుంది. కాబట్టి గదికి ప్రైమరీ కీ అంటే బ్లాక్ కీ, గది నంబరు రెండూ కలిపి. జాంగో మనం చెప్పకపోతే ప్రతి టేబుల్‌కీ సొంతంగా ఒక ఐడీ పెట్టేస్తుంది. కాంపోజిట్ ప్రైమరీ కీ సదుపాయమే 2025లో, 5.2 వెర్షన్‌తో వచ్చింది. అందుకని వచ్చిన ప్రతి టేబుల్లోనూ ఆ ఐడీని కొట్టేసి, మిగిలిన కాలమ్స్‌లో క్యాండిడేట్ కీ (ప్రైమరీ కీ కాగల కాలమ్ లేదా కాలమ్స్ జత) ఏదో వెతకండి. నార్మల్ ఫామ్స్‌కి ఇంతకంటే మంచి ప్రాక్టీస్ నాకు దొరకలేదు.

మూడోది కాస్కేడ్, అంటే ఒక వరుస తీసేస్తే దాన్ని చూపే వరుసలు కూడా పోవడం. జాంగో క్లాసులో ఆన్_డిలీట్‌కి మామూలు కాస్కేడ్ రాసినా, వచ్చిన ఎస్‌క్యూఎల్‌లో ఆన్ డిలీట్ కాస్కేడ్ అన్న మాటే కనిపించదు. ఆ తుడిచే పని పైథాన్ చేసుకుంటుంది, డేటాబేస్‌కి చెప్పదు. గేట్ అడిగేది డేటాబేస్ చేసే పని గురించి. కాబట్టి దీన్ని టూల్ మీద వదలకుండా ఎస్‌క్యూఎల్‌లో మీరే రాసి నడపండి. 2005లోనే వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టండి. ఎ ప్రైమరీ కీ, సి అదే టేబుల్లోని ఎ ని చూపే ఫారిన్ కీ. వరుసలు (2,4), (3,4), (4,3), (5,2), (7,2), (9,5), (6,4). (2,4) తీసేస్తే దానితోపాటు ఏవేవి పోతాయి? సి లో 2 ఉన్న (5,2), (7,2) పోతాయి. 5 పోయింది కాబట్టి (9,5) కూడా పోతుంది. 7ని గానీ 9ని గానీ చూపే వరుస లేదు, అక్కడితో ఆగుతుంది. చాలామంది మొదటి రెండింటి దగ్గరే ఆపేసి ఆప్షన్ పెట్టేస్తారు. రెండు మార్కుల ఎంసీక్యూలో తప్పు పెడితే ఒక మార్కులో మూడింట రెండు వంతులు కోత పడుతుంది, కాబట్టి తీసేసిన ప్రతి వరుసకీ ‘దీన్ని చూపేది ఇంకేదైనా ఉందా’ అని చూసుకున్నాకే జవాబు పెట్టండి.