హౌసింగ్ కూత: విప్పకముందు రాయాల్సిన అంకె

"ఏ గేర్లో కూస్తోంది? ఎంత స్పీడులో? లోడు మీదా, ఖాళీగానా? రాశావా?" షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఫోర్‌మన్ ఇలా అడిగి చేతిలో పానా కింద పెట్టించాడంటే, గాజువాక ఆటోనగర్‌లో పని నేర్చిన మనిషికి చురుక్కుమంటుంది. లారీ గేటు దాటకముందే "హౌసింగ్ (వెనక ఇరుసు మధ్య గేర్లుండే పెట్టె) పోయిందిరా" అని చెప్పేసే మేస్త్రుల దగ్గర పెరిగిన చెవి మనది. ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది కూడా. మరి ఈ కాగితం ఎందుకు? మందలింపు మంటగానే ఉన్నా, ఆ ప్రశ్నకి నాకు దొరికిన జవాబు రాస్తున్నాను.

కూత వెనక నుంచి వినిపించినంత మాత్రాన డిఫరెన్షియల్ (హౌసింగ్ లోపలి గేర్ల సెట్టు) అనుకోకూడదు. ముందు ఆయిలు వేడెక్కేదాకా బండి నడపాలి. తర్వాత ఒకే స్పీడులో, 50 అనుకోండి, రెండు గేర్లు మార్చి చూడాలి. ఇంజిన్ తిరుగుడు మారినా కూత మారకపోతే అది గేర్‌బాక్స్ అవుట్‌పుట్ దాటాక వస్తున్నది. తారు నుంచి సిమెంటు రోడ్డు మీదకి ఎక్కగానే మారితే టైర్లు. వంపుల్లో ఓ పక్కకి బరువు పడ్డప్పుడు పెరిగితే హబ్బు బేరింగు.

ఇక మిగిలింది కాలి పని. యాక్సిలరేటర్ తొక్కితేనే కూస్తే క్రౌన్ (హౌసింగ్ లోపలి పెద్ద గేరు) పళ్ళలో లోడు మోసే వైపు అనుమానం. వదిలితేనే కూస్తే పళ్ళ అవతలి వైపు, లేదా నట్టు వదులై పినియన్ (క్రౌన్‌ని తిప్పే చిన్న గేరు) ముందుకీ వెనక్కీ ఆడుతూ ఉండొచ్చు. తొక్కినా వదిలినా ఒకేలా గరగరమంటే బేరింగు. 41/7 క్రౌన్‌లో (క్రౌన్‌కి 41 పళ్ళు, పినియన్‌కి 7) బండి చక్రం 7 చుట్లు తిరిగేసరికి పినియన్ 41 తిరుగుతుంది. అందుకే పినియన్ బేరింగు చప్పుడు సన్నగా, వేగంగా ఉంటుంది. క్రౌన్ పక్క బేరింగులది బరువుగా, నిదానంగా ఉంటుంది. ఈ తేడా మనోళ్ళ చెవికి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆయిలు చూడకుండా మాత్రం ఏదీ విప్పొద్దు. బండి సమానమైన చోట నిలబెట్టి పక్క ప్లగ్గు తీస్తే ఆయిలు రంధ్రం కింది అంచుకి తాకాలి. వేలు పెడితే తగిలింది కదా అంటే చాలదు. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిద రంగు పేస్టు అంటుకుంటే మామూలే, ముక్కలూ పెచ్చులూ ఉంటే కాదు. వైజాగ్ పోర్టు బళ్ళకి బొగ్గు పొడి, ఇక్కడి బళ్ళకి ఇసుక, రెండూ బ్రీదర్నే (హౌసింగ్‌లో గాలి పోయే రంధ్రం) మూసేస్తాయి. హౌసింగ్ వేడెక్కాక లోపలి గాలికి దారిలేక పినియన్ సీలులోంచి ఆయిలు తన్నుకొస్తుంది. బ్రీదర్ కడగకుండా సీలు ఎన్నిసార్లు మార్చినా అంతే. పోసేది జీఎల్-5 ఆయిలే (గట్టి ఒత్తిడికి తట్టుకునే గేరు ఆయిలు రకం) కావాలి, హైపాయిడ్ (పినియన్ క్రౌన్ మధ్యగీతకి కాస్త పక్కన కూర్చునే రకం) పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ నడుస్తాయి మరి.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. విప్పకముందే క్రౌన్ బ్యాక్‌లాష్ (పినియన్ పళ్ళతో ఉండే వదులు) డయల్ గేజ్‌తో (సన్న కదలికని ముల్లుతో చూపే కొలత పరికరం) చూసి రాసుకోవాలి. భారీ లారీల కొత్త సెట్టుకి ఇది సుమారు 0.20 నుంచి 0.45 మిల్లీమీటర్లు. అరిగిన సెట్టునే మళ్ళీ వాడుతుంటే పుస్తకంలోని కొత్త అంకె పనికిరాదు, విప్పకముందు ఎంత ఉందో అంతే పెట్టాలి. పళ్ళు ఆ చోటులోనే ఒకదానికొకటి అరిగి సర్దుకున్నాయి. జరిపితే, పని అంతా శుభ్రంగా చేసినా కూత మొదలవుతుంది. ఒకసారి బోల్టులు విప్పాక ఆ అంకె ఎవరికీ దొరకదు. మా ఊళ్ళో క్రౌన్‌ని చేత్తో ఆడించి "ఇంత చాలు" అంటారు. ఎంత గొప్ప చేయైనా పదో వంతు మిల్లీమీటరు చెప్పలేదు, చెవి అసలే చెప్పలేదు.

అయినా మన షెడ్లని తక్కువ చేస్తే ఒప్పుకోను. గంగవరంలో బొగ్గు ఎత్తుకోవాల్సిన లారీ రాత్రికి వరసలో లేకపోతే ఓనరుకి ట్రిప్పు పోతుంది. టెస్టుకి ఓ పూట ఎవరిస్తారు? ఇక్కడైతే తీరిక ఉంది, విసుగొస్తే అసెంబ్లీ మొత్తం మార్చేసే డబ్బూ ఉంది. పోయినదాన్ని బతికించే ఓపిక మాత్రం మన మేస్త్రుల దగ్గరే చూశాను.

పళ్ళకి మార్కింగ్ రంగు రాసి, క్రౌన్‌ని చెక్కతో కాస్త అదిమిపట్టి తిప్పితే అచ్చు పడుతుంది. అచ్చు పంటి మొదట్లోకి దిగితే షిమ్ములతో (సన్న రేకు బిళ్ళలు) పినియన్ని దూరం జరపాలి, పైఅంచుకి ఎక్కితే దగ్గరికి తేవాలి. పంటి సన్న కొసకో లావు కొసకో పోతే బ్యాక్‌లాష్ సర్దాలి, లాష్ పెంచితే లావు కొసకి, తగ్గిస్తే సన్న కొసకి జరుగుతుంది. క్రౌన్, పినియన్ జోడీగా వస్తాయి, జత నంబర్లు కలవాలి. ఒక్కటే మారిస్తే కూత పోదు.

గేజ్, అయస్కాంతం స్టాండు మన షెడ్డు పెట్టెలో పట్టేంతే ఉంటాయి. కాగితం లేకపోతే హౌసింగ్ మీదే చాక్‌పీసుతో రాయండి: గేరు, స్పీడు, తొక్కితేనా వదిలితేనా, బ్యాక్‌లాష్ ఎంత. పానా ఆ తర్వాత.