ఫోన్ చేసినందుకు పడ్డ మాట

"మీరు చెప్పినదంతా విన్నాను. అయితే వారం తిరిగేసరికి ఇందులో సగం మీకూ గుర్తుండదు, నాకూ గుర్తుండదు. దయచేసి రాసి పంపండి" అంటూ ఒక పెద్దాయన ఫోనులో నన్ను మధ్యలోనే ఆపేశారు. విదేశంలో, యంత్రాల విడిభాగాలు అమ్మే ఒక చిన్న సంస్థలో నేను ఆర్డర్లు, బిల్లులు, చెల్లింపులు చూస్తాను. ఆయన మెయిల్‌లో అడిగిన ధరలూ, సరుకు అందే తేదీ చెప్పడానికే ఫోన్ చేశాను. కస్టమర్ ఏదైనా అడిగితే స్వయంగా మాట్లాడి, సందేహాలుంటే అక్కడికక్కడే తీర్చడం గౌరవమని నమ్మే మనకు, ఆ గౌరవానికి బదులుగా మందలింపు ఎదురైతే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. మా యజమాని కూడా ఆయన మాటే సబబన్నారు.

మెయిల్ రాస్తే మనవాళ్లు పలకరన్న మాట ఇక్కడి ఆఫీసుల్లో విన్నాను. అది న్యాయమైన మాట కాదు. మనం పలుకుతాం, నోటితో పలుకుతాం. పొద్దున వచ్చిన మెయిల్‌కు సాయంత్రానికల్లా పని పూర్తిచేసి ఫోనులో చెప్పేస్తాం కాబట్టి, ఇన్‌బాక్స్ తెరిచి చూసినవారికి జవాబు కనిపించదు. పైగా, పూర్తి సమాధానం చేతికి రాకుండా అరకొరగా రాయడం మనకు ఇష్టముండదు. సరఫరాదారు ధర చెప్పాలి, గోదాములో సరుకు చూడాలి, అవన్నీ తేలాక ఒకేసారి నిండుగా రాద్దామని ఆగుతాం. ఆ మౌనంలో ఉన్నది శ్రద్ధే. అయితే పని చేస్తున్నవాడి మౌనానికీ, మరచిపోయినవాడి మౌనానికీ అవతల ఎదురుచూసే మనిషికి తేడా తెలియదన్న సంగతిని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మా ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ రాసే జవాబులు చూశాకే నాలో పట్టుదల సడలింది. "మీ మెయిల్ అందింది. రెండు వస్తువుల ధర సరఫరాదారుని అడగాలి. గురువారం సాయంత్రంలోగా పూర్తి వివరాలు పంపుతాను." అంతే, మూడు వాక్యాలు. సమాధానం ఇంకా లేకపోయినా, అది ఎప్పుడు వస్తుందో అందులో ఉంది. గురువారానికి ధర తేలకపోతే ఆ సంగతీ గురువారమే రాస్తుంది. సబ్జెక్టు గడిలో "ధర కావాలి" అని వదిలేయకుండా "పంపు సీళ్లు 40: ధర, జూన్ 14లోగా సరఫరా" అని రాస్తుంది. ఆరు నెలల తర్వాత బిల్లు మీద పేచీ వచ్చినా, ఆ మెయిల్ వెతికితే ఇట్టే దొరుకుతుంది.

ఆ జవాబులన్నీ ఆవిడ సొంత చిరునామా నుంచి కాకుండా, సంస్థ డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) మీద ఆర్డర్ల కోసమే పెట్టిన ఉమ్మడి చిరునామా నుంచి వెళ్తాయి. ముగ్గురు నలుగురు పనిచేసే చోట ఇది చాలా అవసరం. ఒకరు సెలవు పెట్టినా, ఉద్యోగం మానినా, మిగిలినవారు మొదటి నుంచి చదువుకుని పని కొనసాగించగలరు. నేను ఫోనులో ఖాయం చేసిన ఆర్డరు మాత్రం నాతోపాటే సెలవు మీద వెళ్లిపోతుంది. ఈ వాదనకు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇప్పుడు ఫోను పెట్టేసిన వెంటనే, మాట్లాడుకున్న ధర, సంఖ్య, తేదీ మూడూ మెయిల్‌లో రాసి పంపుతున్నాను. ఫోన్ చేయడం మాత్రం మానలేదు.

మెయిల్ టింగుమన్నప్పుడల్లా చేతిలో పని ఆపి చూసే అలవాటు ఎక్కడివారికైనా చేటే. శబ్దం ఆపేసి, రోజులో కొన్ని వేళల్లోనే తెరవడం, అప్పటికప్పుడు తేలేవాటికి వెంటనే జవాబు రాయడం, తేలనివాటికి తేదీ వేసి పక్కన పెట్టడం, అక్కరలేని ప్రచార మెయిళ్ల చందాలు రద్దు చేయడం, ఇంతకుమించి పెద్ద విద్య ఏమీ అక్కరలేదు. కస్టమర్లందరికీ ఒకే మెయిల్ పంపేటప్పుడు చిరునామాలను బీసీసీలో, అంటే ఒకరి చిరునామా మరొకరికి కనిపించని గడిలో, పెట్టకపోతే మాత్రం, ఒకరి వివరాలు అందరి చేతిలో పెట్టినట్టే.

ఒక విషయంలో మాత్రం మన పద్ధతే మేలని గట్టిగా చెప్పగలను. సరఫరాదారు పేరుతో "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకమీదట ఈ కొత్త ఖాతాకు పంపండి" అని మెయిల్ వస్తే, దాన్ని నమ్మడానికి మెయిల్ చాలదు. మెయిళ్లను చేరవేయడానికి 1982లో రూపొందిన ఎస్‌ఎంటీపీ పద్ధతిలో, పంపినవారు తాము చెప్పుకున్నవారేనా అని తేల్చే ఏర్పాటు లేదు. తర్వాత, మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందో లేదో పరీక్షించే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే ఏర్పాట్లు వచ్చాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది. చిన్న సంస్థలు కూడా వీటిని పెట్టుకోవాలి, లేకపోతే మన బిల్లులే స్పామ్‌లో పడే ప్రమాదం ఉంది. అయితే ఇంగ్లీషు ఎం (m) అక్షరం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ (rn) పక్కపక్కన పెట్టి, చూపుకు ఒకేలా కనిపించే డొమైన్ కొన్నవాడిని ఇవేవీ ఆపలేవు, ఎందుకంటే ఆ డొమైన్ నిజంగా వాడిదే. సరఫరాదారు మెయిల్ ఖాతానే ఎవరైనా చేజిక్కించుకుంటే చిరునామాలో కూడా తేడా ఉండదు. అక్కడ మిగిలేది ఫోనే. అదీ ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు, మన పాత బిల్లుల మీద ఉన్న నంబరుకు. తెలిసిన గొంతు విని, నాలుగు మాటలు మాట్లాడి, ఖాతా సంగతి అడిగాకే డబ్బు కదలాలి. ఇందుకు ఎవరు విసుక్కున్నా నేను వెనక్కి తగ్గను.

దేశం దాటి వచ్చినవారికి సొంత మెయిల్ విషయంలో ఒక ప్రమాదం ఉంది. ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మన పాత జీమెయిల్ ఖాతాకు రికవరీ నంబరుగా, అంటే ఖాతా తిరిగి తెరవడానికి కోడ్ వచ్చే నంబరుగా, ఇంటి దగ్గర వాడిన సిమ్మే ఉంటుంది. రీఛార్జి చేయక ఆ సిమ్ ఆగిపోతే, కొంతకాలానికి ఆ నంబరు వేరొకరికి వెళ్తుంది. తర్వాత పాస్‌వర్డ్ మరచిపోయినా, కొత్త ఫోనులో లాగిన్ కావాలన్నా, కోడ్ ఆ కొత్త మనిషికే చేరుతుంది. బ్యాంకు, పాస్‌పోర్టు, పన్నుల ఉత్తరాలన్నీ ఆ ఖాతాలోనే ఉంటాయి. కాబట్టి పాత సిమ్ పనిచేస్తున్నప్పుడే రికవరీ నంబరు మార్చాలి, రెండో మెయిల్ చిరునామా చేర్చాలి, సిమ్‌తో పని లేకుండా లాగిన్ కోడ్ చూపే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోవాలి, గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి దాచాలి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల కోసం తెరిచిన ఖాతాలు ఉంటే వాటిలోనూ అప్పుడప్పుడు లాగిన్ అవుతుండాలి, ఎందుకంటే రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు.